మన కప్పు మీద పడ్డ వాన

మా సారు పోయారు. భద్రాచలం ఆసుపత్రి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను సరిహద్దు అవతల బీజాపూర్‌లో, ఆయన ప్లాను గీసిన ఆడపిల్లల హాస్టల్ వాకిట్లో ఉన్నాను. వాకిలి అనకూడదేమో, ఇప్పుడదంతా సిమెంటు. ఆ సంగతే మీకు చెప్పాలి. ఆయన్ని తలుచుకుంటే ఏడుపుతో పాటు భయం కూడా వేస్తోంది.

నేను ఆయన దగ్గర పని నేర్చుకున్న చిన్న ఇంజినీర్ని. మాది తెలుగు మాట్లాడే పామేడు వైపు. సైటులో పొద్దంతా హిందీయే కాబట్టి, నాతో నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడితే ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

హరిత భవనం అనగానే అందరూ సోలార్ పలకలు, పూలకుండీలు చూపిస్తారు. సారు వాన లెక్కతో మొదలుపెట్టేవారు. వాన ఎంత జోరుగా కురుస్తుంది, ఎంత స్థలం మీద పడుతుంది, అందులో నేల తాగేదెంత, ఉరికేదెంత? రేకుల కప్పు ఏమీ తాగదు. మట్టి కొంత తాగుతుంది, గడ్డి ఇంకాస్త తాగుతుంది. ఉరికే నీళ్లకు తగ్గట్టు ఇంకుడు గుంత తవ్వాలి. "వాన ఎంత పడ్తదో మన చేతుల లేదు బిడ్డా. ఎంత ఉరుకుతదో మాత్రం మన చేతులనే ఉన్నది" అనేవారు.

టీ కొట్టు వాళ్లకు ఆయనంటే హడల్. తాగగా మిగిలిన నీళ్లు గుమ్మం ముందు పోసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అవి ఇంకేదాకా చూస్తూ నిలబడేవారు. "నీ వాకిలి గట్టిపడ్డది, జర తవ్వి వదులు" అని ఉచిత సలహా కూడా పారేసేవారు. నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

హాస్టల్ పని మొదలుకాకముందు ఒకరోజు వానలో, చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ల వెంటే పల్లానికి దిగారు. అక్కడ ఒక్క ఇల్లు, అందులో ఒక్కతే అవ్వ, ఆమెదీ మా తెలుగే.

"అవ్వా, నీళ్లు ఇంట్లకొస్తయా?"

"ఇప్పటిదాకైతే రాలే సారూ. మీరు కట్టినంక జూడాలె!"

ఆ మాటకు సారు ఆ రోజంతా నవ్వుకున్నారు. కానీ తర్వాత గీసిన ప్రతి గీతా ఆ మాటకు జవాబే. అందుకే వాకిలి మట్టిగా వదిలారు, అంచున గడ్డి పెట్టించారు.

ఈ ఎండాకాలం ఆయన మంచం పట్టారు. ఇంతలో ప్రారంభోత్సవం వచ్చింది. పెద్దవాళ్ల బూట్లకు దుమ్ము అంటకూడదని వాకిలంతా సిమెంటు పోసేశారు. నేను మొత్తుకున్నాను. "మేడమ్, అబ్ తో పక్కా హో గయా", ఇక గట్టిపడిపోయింది కదా అని కాంట్రాక్టరు నవ్వేశాడు. పగలగొట్టడానికి అనుమతి అడిగాను, ఇంకా రాలేదు.

సారుకు ఫోన్లో చెప్పాను. దగ్గుతూనే అన్నారు.

"లెక్క మళ్ల చెయ్యి బిడ్డా."

"చేసిన సార్. గుంత సాలదు."

"అవ్వకు చెప్పినవా?"

ఆఫీసులో ఎవరికి చెప్పావని అడుగుతారనుకున్నాను. ఆయన అడిగింది అదొక్కటే. ఇంకా లేదు, చెప్తానన్నాను. ఆయనతో నేను మాట్లాడిన చివరి మాటలవే.

కబురు తెలిసిన మధ్యాహ్నమే పల్లానికి దిగాను. మబ్బు కమ్ముకుంటోంది.

"ఏంది బిడ్డా, అట్ల నిలబడ్డవు?" అంది అవ్వ.

రెండూ చెప్పాను. సారు లేరని, నీళ్లు వస్తాయని. ముందు సారు కోసం ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, బియ్యం కుండ నా చేతికిచ్చి అటక చూపించింది.

ఇప్పపువ్వు గంపలు కూడా ఎక్కించి దిగేసరికి వాన దంచేస్తోంది, పైన హాస్టల్లో ఇంకుడు గుంత నిండినట్టుంది. హాస్టల్ గోడ తూములోంచి నీళ్లు నేరుగా అవ్వ గుమ్మం ముందుకే దూకాయి. మా దగ్గర వాననీళ్లు ఎప్పుడూ ఎర్రగా పారతాయి. అవ్వ గడప దాటి లోపలికొస్తున్న నీళ్లు మాత్రం తాగే నీళ్లలా తేటగా ఉన్నాయి. దారిలో ఎక్కడా వాటికి మట్టి తగల్లేదు.