వీరేశం సేటు మోకాలు నొప్పి

ప్రభుత్వ దవాఖానలో నర్సింగ్ ట్యూటర్‌గా రిటైరైన నెలకే, కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలంలో, సుబేదారిలోని ఒక కోచింగ్ సెంటర్లో చేరిన. బయటి దేశాలకు పోయే నర్సులను తయారుచేసే సెంటర్ అది. ఇంట్ల కూసుంటే మా ఆయన నా పోపుకు వంకలు పెడుతుండె. ఆ వంకలు పడుడు కంటే, పదిమందికి వంకలు పెట్టే ఉద్యోగం నేనే చూసుకునుడు నయమనిపించింది.

విదేశంలో నర్సు ఉద్యోగమంటే విమానం ఎక్కుడే అనుకుంటరు చాలామంది. అంతకుముందు ఇంగ్లీషు పరీక్ష ఉంటది, సర్టిఫికెట్ల తనిఖీ ఉంటది, ఆ తర్వాత ప్రాక్టికల్. మా సెంటర్‌తోటి మాట్లాడుకున్న బ్రిటన్ ఆస్పత్రి వాళ్లు హైదరాబాద్ వచ్చి, ఒక హోటల్లో ఆ ప్రాక్టికల్ పెడుతుండిరి. గదిలో ఒక మంచం, దాని మీద రోగిలెక్క నటించే మనిషి, మూలకు కుర్చీలో పరీక్షకురాలు. నర్సు లోపలికి పోయి రోగితోటి మాట్లాడి, చూసి, ధైర్యం చెప్పి రావాలె. పాసైతేనే ఉద్యోగ పత్రం ఇస్తరు. ఆ పత్రం లేందే వీసాకు దరఖాస్తు పెట్టరాదు. రెండుసార్లు తప్పితే ఆ ఆస్పత్రి తలుపు మూసినట్టే.

స్వరూప ఒకసారి తప్పి నా దగ్గరికొచ్చింది. పాలంపేట దిక్కు పిల్ల. ప్రైవేటు దవాఖానలో ఐసీయూ చూసిన నర్సు. నరం దొరకని చెయ్యికి కూడా ఒక్క పోటుతో సూది ఎక్కిస్తది. ఇంగ్లీషు గడగడ మాట్లాడుతది. పాసైపోతననే ధీమాతోటి ఉన్న ఉద్యోగానికి ముందే రాజీనామా ఇచ్చింది. వాళ్ల అత్తమ్మ ఇంకో అడుగు ముందుకేసి, మేడారం పోయి కోడలి ఎత్తు బంగారం తూచింది. మేడారంల బంగారమంటే బెల్లమే. సగం అక్కడి దేవతలైన అమ్మలకు సమర్పించి, మిగిలింది ఊరంతా పంచింది.

"అమ్మలకిచ్చింది వాపస్ అడగరాదు కద మేడం. ఈసారి తప్పితే నాకు అటు లండన్ లేదు, ఇటు పాత దవాఖానల నా జాగ లేదు," అని ఏడ్చింది.

ఎక్కడ తప్పినవే అని అడిగిన. అంతా మంచిగనే చేసిందట. చేతులు కడిగింది, నమస్కారం పెట్టింది, పేరు చెప్పింది. తర్వాత మంచం మీది ఆయనను మీతోని ఎవరొచ్చిండ్రని అడిగింది. ఎవరూ రాలేదన్నడు. స్వరూప నమ్మలేదు. అటెండెంట్ లేని పేషెంట్ ఎక్కడన్న ఉంటడా! గది చుట్టూ చూస్తే మూలకు కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దమ్మ కనపడ్డది. పాపం, ఈయన అక్క కావొచ్చు అనుకున్నది. ఆపరేషనైనంక ఏం తినపెట్టాలె, బాత్రూంకు ఎట్ల పట్టుకపోవాలె, అన్నీ ఆమెకే వివరంగ చెప్పింది. పరీక్షకురాలు మధ్యల మాట్లాడరాదని నియమం. ఆమె నోరు తెరవకపోయేసరికి, బెంగతోటి బిగుసుకపోయిందనుకుని భుజం తట్టి, ఫికర్ చెయ్యకండని ఓదార్చి, చివరికి మూత్రం సీసా ఆమె చేతిలో పెట్టి బయటికొచ్చింది.

నేను నవ్వొద్దనుకున్న. నాతోని కాలేదు.

ఆ పిల్లది తప్పని కూడా అనలేను. మన దవాఖానల పేషెంట్ అంటే మంచం మీద ఉత్త పేరే. మందుల చీటీ అటెండెంటుకే, స్కానింగ్ సంగతి అటెండెంటుకే, తిట్లు కూడా అటెండెంటుకే. పేషెంటును పేరడిగినా పెండ్లాం మొఖం చూస్తడు. డ్యూటీల చేరిన మొదటిరోజు నర్సు నేర్చుకునే మాటే "అటెండెంట్ ఎవరమ్మా?" బ్రిటన్‌లో ఇది నడవదు. అక్కడ రోగి బాధ రోగినే అడగాలె, రోగి ఒప్పుకుంటేనే ఇంకొకరికి చెప్పాలె. స్వరూపకు భాష వచ్చు. ఈ పద్ధతే రాదు. అందుకని ముందు తెలుగులోనే పద్ధతి నేర్పుదామనుకున్న.

దానికొక రోగి కావాలె. మా సెంటర్ బిల్డింగ్ ఓనర్ వీరేశం సేటు కిందనే ఉంటడు. చౌరస్తాల కిరాణం దుకాణం కొడుక్కు అప్పజెప్పి, పొద్దంతా గేటు కాడ నిలబడి వచ్చిపోయేటోళ్లతోని ముచ్చట పెడుతడు. కుర్చీ వేసినా కూసోడు. రోగి వేషం వెయ్యమంటే జర ఆలోచించిండు. పండుకునే వేషమని చెప్పంగనే ఒప్పుకున్నడు. రేపు మోకాలు ఆపరేషన్, తోడు ఎవరూ లేరు, ఇంతే నేనిచ్చిన పాత్ర.

మొదటి రోజే ఆయన వెనక భార్య భాగ్యక్క మెట్లెక్కి వచ్చింది. "ఆయనను ఒక్కన్నే మంచం మీద పండవెట్టి నేను కింద ఎట్ల కూసోవాలె మేడం, నలుగురు ఏమనుకుంటరు?" అన్నది. తెల్లారి ఆమె ఆడిబిడ్డ జనగామ నుంచి దిగింది. ఆ మరునాడు చౌరస్తా దుకాణాలోళ్లు బత్తాయిలు, హార్లిక్స్ సీసా పట్టుకుని పరామర్శకొచ్చిండ్రు. ఇది నటన బాబూ, సేటుకేం కాలేదు అని నేను మొత్తుకున్న. "కాకుంటే కాకపాయె గానీ, పండుకునైతే ఉన్నడు కద," అని ఒక పెద్దమనిషి నాకే సర్దిచెప్పి, సేటు కాళ్లకాడ కూసున్నడు.

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాక అంకె అడగాలె, అది నియమం. స్వరూప అడిగింది.

"నువ్వెంత రాసుకుంటవు బిడ్డా?" అన్నడు సేటు.

"మీరే చెప్పాలె కాకా."

"ఎనిమిది. ఎరికైన పిల్లవు, ఏడు రాసుకో."

"ఏడెక్కడిది? నిన్ననే డాబా ఎక్కి వడియాలు ఎండబెట్టిండు. మూడు రాయి!" అన్నది భాగ్యక్క.

స్వరూప మూడు రాసింది. నాకు తిక్కరేగింది. ఈ లెక్కన ఈ పిల్ల లండన్ కాదు కదా, కాజీపేట స్టేషన్ కూడా దాటదని అందరి ముంగటనే అరిచిన.

పరీక్షకు ముందురోజు అందరినీ బయటికి పంపి తలుపు గడియ పెట్టిన. భాగ్యక్క కిటికీ కాడికి వస్తే అది కూడా మూసిన. పరీక్షకురాలిలెక్క మూలకు కుర్చీ వేసుకుని, ఇల్లు కూలినా మాట్లాడనని ఒట్టుపెట్టుకున్న.

స్వరూప తలుపు దిక్కున్న తెర లాగి మంచం పక్కన కూసుంది. ఆమె మెడ ఒకసారి నా దిక్కు తిరగబోయి ఆగింది.

"కాకా, ఈడ ఎవ్వరు లేరు. మీ బాధ ఏందో మీరే చెప్పండి," అన్నది.

సేటు తలుపు దిక్కు చూసిండు. కిటికీ దిక్కు చూసిండు. తర్వాత గొంతు తగ్గించి, "మోకాలుకేం లేదు బిడ్డా. నాకు కూసుంటే పాణం పోతాంది. దొడ్డికి పోతే రక్తం పడుతాంది. చానా నెలలాయె. ఇంతమంది ముంగట నోట్లకెల్లి ఎట్లొస్తది?" అన్నడు.

ముసలాయన పాత్రకు మెరుగులు పెడుతుండనుకున్న నేను. ఆయన కండ్లల్ల నీళ్లు చూసినంక గానీ నాకు అర్థం కాలేదు. స్వరూపకు ముందే అర్థమైంది. ఆమె నవ్వలేదు, నా మొఖం చూడలేదు. రక్తం ఏ రంగున్నది, కండ్లు తిరుగుతున్నయా, ఆకలైతున్నదా అని ఒక్కొక్కటే అడిగింది. అడిగి, అనుమతి తీసుకుని, కంటి రెప్ప కిందికి లాగి చూసింది. ఇది మొలలా, ఇంకొకటా అనేది డాక్టరే చూసి చెప్పాలె, ఇగ ఒక్కరోజు కూడా ఆగొద్దన్నది.

"భాగ్యకు చెప్తవా?"

"మీ ముచ్చట మీది కాకా. మీరు చెప్పమంటేనే చెప్త."

ఈ ఒక్క మాట ఆ పిల్ల నోటికి రావాలని నేను అన్నిరోజులు గొంతు చించుకున్న. రాదాయె. ఆ పూట నేర్పకుండనే వచ్చింది. నా ఒట్టు గుర్తుకొచ్చి ఊకున్న గానీ, లేచి ఆమెను గట్టిగ కావలించుకోవాలనిపించింది.

మరునాడు హైదరాబాద్‌లో స్వరూప పాసైంది. మూల కుర్చీ దిక్కు చూడనే లేదట. అంతా అయిపోయి బయటికొచ్చేటప్పుడు మాత్రం పాణం ఒప్పక, మీరు కూడా జర నీళ్లు తాగండి మేడం అని పరీక్షకురాలికి చెప్పి వచ్చింది. ఉద్యోగ పత్రం వచ్చింది, వెనకనే వీసా. అత్తమ్మ మళ్లీ బెల్లం తూచింది.

సేటు చివరికి భాగ్యక్కకు తనే చెప్పుకున్నడు. ఆమె ఆరోజు తిట్టిన తిట్లు పై అంతస్తు దాక వినపడ్డయి. డాక్టరు మొలలే అన్నడు, ఆపరేషనైంది, నిమ్మళమైంది. ఇప్పుడు గేటు కాడ కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకుని కూసుంటడు. చౌరస్తా వాళ్లకు మాత్రం మోకాలు ఆపరేషనని చెప్పిండు. దుకాణాలోళ్లు ఎవరన్న కనపడితే లేచి కుంటుతడు. ఒకరోజు కుడికాలు, ఒకరోజు ఎడమకాలు.

ఇన్నేండ్ల ఉద్యోగం నేర్పనిది ఆ ఎండాకాలం నేర్పింది. నలుగురి ముందు అడిగితే మనిషి మోకాలు చూపిస్తడు. నర్సు పని తలుపు మూసినంక మొదలైతది.