గానుగ దగ్గర ఓడిన భూగోళం

ఆ రోజుల్లో నేను నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే మా చెల్లె ఏడాది ముందే హైస్కూలు గడప తొక్కేది. చెప్పలేదు. అప్పుడు నాకు మీసాలు కొత్త, పరువు అంతకన్నా కొత్త. ఎడపల్లిలో మాకు చెరుకు తోట ఉండేది. పంట చాలా మట్టుకు బండ్ల మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయినా, ఇంటి బెల్లానికని కొంత గానుగ ఆడించేవాళ్ళం. గానుగ ఆడుతుంటే దారిన పోయే ప్రతివాడికీ రసం పోయాలన్నది మా వైపు మర్యాద. తాగినవాళ్ళు ఊరికే పోరు కదా, ముచ్చట పెడతారు. అందరికన్నా ముందు వచ్చేది మా మేనమామ. ఎవరేమన్నా కాదంటాడు కనుక ఊరంతా ఆయన్ని ‘అడ్డం మామ’ అనేది.

ఏడో తరగతి పాసైన చెల్లెను బోధన్ హైస్కూలుకు పంపాలా వద్దా అని బాపు ఊగిసలాడుతున్న రోజులవి. భూమి గుండ్రంగా ఉందని, తిరుగుతూ ఉంటుందని పుస్తకంలో చదివింది ఆమె ఒకనాడు గానుగ దగ్గర మామకు చెప్పింది.

“తిరిగితే మనం బోర్ల పడమా బిడ్డా? గీ కడాయిల రసం ఒలకదా? ఎవడో రాసిండు, నువ్వు నమ్మినవ్. రేపు ఇంకోడు సపాటంగ ఉన్నదని రాస్తడు. అప్పుడేం జేస్తవ్?” అన్నాడు మామ.

“ఊకె రాయరు మామా. పరీక్ష జేసి సూసినంకనే రాస్తరు.”

“అయితే సూపెట్టున్రి,” అన్నాడు బాపు. “నిజమైతే బోధన్ పంపుత. లేకుంటే ఇంట్లనే ఉంటది.”

చెల్లె నా వైపు చూసింది. నేను నిజామాబాదు కాలేజీలో సైన్సు చదువుతున్నవాణ్ణి (రెండో ప్రయత్నంలో). రసం నింపిన బొక్కెనకు తాడు కట్టి, గిర్రున తిప్పితే బోర్లా వచ్చినా చుక్క పడదన్నాను. (దానికీ భూమి తిరగడానికీ సంబంధం లేదని నాకు తర్వాత తెలిసింది. అదృష్టవశాత్తు అడ్డం మామకూ తోచలేదు.) తిప్పాను. చుక్క పడలేదు. బాపు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోరు ఇంకాస్త కులాసాగా చూద్దామని చెయ్యి నెమ్మది చేశాను, సరిగ్గా బొక్కెన నా నెత్తి మీద ఉన్నప్పుడు.

“ఏమైంది అల్లుడా, భూమి నిలవడ్డదా?” అన్నాడు మామ. గానుగ ఎద్దులు తప్ప అందరూ నవ్వారు. ఈగలు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

“అన్నా, నువ్వు చెయ్యి ఆపినవ్. ఇంకోపారి తిప్పు,” అంది చెల్లె, ఏడుపు గొంతుతో.

“ఆపలే. పుస్తకమే తప్పు,” అన్నాను.

ఆ ఏడు ఆమె ఇంట్లోనే ఉంది. మరుసటి గానుగకు మాత్రం ఎవరినీ అడగకుండా బొక్కెన తానే అందుకుని, బాపు ఎదుట తిప్పింది. నేల తడవలేదు.

“మరి పోయినేడు ఎందుకు ఒలికింది బిడ్డా?” అన్నాడు బాపు.

ఆమె నన్నొకసారి చూసి, “అప్పుడు పుస్తకంల తప్పుండె బాపూ. మల్ల దిద్దిన్రు,” అంది.

ఇప్పుడామె వర్నిలో పిల్లలకు సైన్సు చెబుతోంది. నా మీసాలు నెరిశాయి. పరువు ఎప్పుడు పాతబడిందో తెలియలేదు. మొన్న వాళ్ళింట్లో బాపు, మామ, ఆమె పిల్లలు అందరూ కూర్చుని ఉండగా చెప్పేశాను: “పుస్తకంల ఎన్నడు తప్పు లేకుండె చెల్లే. నేనే చెయ్యి ఆపిన. నీ ఏడాది పాడు జేసిన. నన్ను మాఫ్ చెయ్యి.”