కనిగిరి పళ్ళు

మా గైడ్‌కి నేను నచ్చలేదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా పళ్ళు నచ్చలేదు. గుంటూరులో ఎం.డి.ఎస్.లో చేరిన రోజు నేను నమస్కారం పెడితే ఆయన నా నోటివైపు చూసి, "ఏ ఊరమ్మా, కనిగిరి వైపా?" అన్నాడు. చెప్పకుండానే కనిపెట్టానన్న సంతోషం ఆ మొహంలో కనపడింది. నాకు ఒళ్ళు మండింది.

మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటినుంచీ ఆ నీళ్ళే తాగితే పళ్ళు గోధుమరంగు చారలతో వస్తాయి. అది పంటిలోనే ఉన్న రంగు, తోమితే పోదు. ఆ సంగతి అప్పట్లో మా అమ్మకి తెలియదు. బళ్ళో టీచరు నన్ను నిలబెట్టి "పళ్ళు తోముకునే అలవాటు లేదా" అని అడిగిన దగ్గర్నుంచి, రోజూ పొద్దున్నే నా గడ్డం ఒక చేత్తో ఒడిసిపట్టుకుని ఇటుక పొడితో రుద్దేది. చిగుళ్ళు చిట్లి రక్తం వచ్చేది. ఆఖర్న పుక్కిలించమని అదే బోరు నీళ్ళు చెంబుతో అందించేది. నేను దంతవైద్యం చదివింది ఆ చెంబు మీద కోపంతో. సేవ చేద్దామని కాదు.

నాది కట్టుడు పళ్ళ విభాగం. చేరిన కొత్తలోనే గైడ్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ కొక్కేలతో పెదాలు లాగి పట్టించి, నా పళ్ళ ఫొటోలు తీయించాడు. రికార్డు కోసమన్నాడు. తీశాక అసలు సంగతి చెప్పాడు.

"పై పళ్ళు ముందువైపు కొద్దిగా అరగదీసి తెల్లటి పెంకులు అతికిద్దాం. మన డిపార్ట్‌మెంట్‌కి మంచి కేసు అవుతుంది."

"వద్దు సార్. నా పళ్ళు గట్టిగానే ఉన్నాయి."

"గట్టిగా ఉంటే సరిపోతుందా? డాక్టరు నోరు తెరిస్తే పేషెంట్ పారిపోకూడదు కదమ్మా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది నోళ్ళలో సిమెంటు పని జరిగే ఉంటుంది. నా నోట్లో ఒక్క పుచ్చు పన్ను లేదు. ఒకసారి అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ఆ పెంకు ఊడినప్పుడల్లా ఇంకోటి అతికించుకుంటూ బతకాలి. ఈ పాఠం మాకు చెప్పింది ఆయనే.

అప్పట్నుంచి మొదలుపెట్టాడు. నా కుర్చీకి పేషెంట్లను పంపడం మానేశాడు. నాకంటే వెనక చేరినవాళ్ళు పళ్ళు కడుతుంటే నేను ల్యాబ్‌లో ప్లాస్టర్ కలుపుతూ కూర్చున్నాను. ఆఖరి ఏడాది థీసిస్ పట్టుకెళ్తే తెరిచి చూడకుండా బల్ల మీద పడేశాడు. "ముందు నీ పళ్ళ సంగతి తేల్చు, తర్వాత దీని సంగతి చూద్దాం" అన్నాడు. ఆయన సంతకం లేకపోతే నేను పరీక్షకు కూర్చోలేను. అసహ్యమేసింది. భయం కూడా వేసింది. పోనీ ఒప్పేసుకుందామా అని హాస్టల్ అద్దం ముందు నిలబడి చాలాసార్లు అనుకున్నాను.

అలా ఉండగా కనిగిరిలో ఉచిత దంత శిబిరం పెట్టారు. కాలేజీ బస్సు అద్దంకి మీదుగా వెళ్ళింది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు, బస్సంతా తుమ్ములు. ముందు సీట్లోంచి ఆయన ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి, "మీ వాళ్ళు ఎలా బతుకుతారమ్మా ఇక్కడ" అన్నాడు. మా ఊరు ఇంకా చాలా దూరం ఉంది. ఆయనకి ఊళ్ళన్నీ ఒకటే.

శిబిరం ఒక బళ్ళో. గేటు పక్కన పెద్ద బ్యానర్ కట్టారు. ఎడమ పక్క 'చికిత్సకు ముందు' అని గోధుమరంగు పళ్ళు, కుడి పక్క 'చికిత్స తర్వాత' అని పాలలాంటి పళ్ళు. ఎడమ పక్కవి నావి. చిన్నప్పుడు మిరపకాయల గోతం తాడు పంటితో తెంపబోతే విరిగిన మూల కూడా అలాగే ఉంది. కుడి పక్కవి ఎవరివో.

నన్ను చూడ్డానికి అమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. బ్యానర్ ముందు ఆగింది. వరసలో ఉన్న జనం చూస్తుండగా నా గడ్డం ఒడిసిపట్టుకుని, వెలుతురుకి తిప్పి, బొటనవేలితో పై పెదవి ఎత్తింది. చిన్నప్పటి ఆ పట్టే. నాకు పరమ అసహ్యమైన పట్టు. ఆ రోజు మాత్రం విడిపించుకోలేదు.

"ఇయ్యి మా అమ్మాయి పళ్ళేనండీ," అంది పక్కనే ఉన్న గైడ్‌తో. "రోజూ తోమినదాన్ని, నాకు తెలవదా? మరి ఆ తెల్లయి ఎవరియి?"

"అది ఊరికే నమూనా అమ్మా."

"బాగుచేశామని రాశారు గదండీ. నా బిడ్డకి ఏం బాగుచేశారు?"

ఆయన నావైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మా మీ అమ్మగారికి." సర్దిచెప్పమని ఆ చూపు. థీసిస్ ఆయన బల్ల మీద ఉంది. ఇద్దరికీ గుర్తుంది.

వరసలో ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఊళ్ళో అందరం అలాగే నిలబడతాం. నేను వాళ్ళవైపు తిరిగి నోరు పూర్తిగా తెరిచి మాట్లాడాను.

"ఎడమ పక్కవి నావి. ఎవరూ ఏమీ బాగుచేయలేదు. ఇది మురికి కాదు, నీళ్ళ వల్ల వచ్చింది. పళ్ళు అరగదీస్తామంటే, ఆ తర్వాత ఏమవుతుందో అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి."

అమ్మ చేయి నా గడ్డం మీదనుంచి జారింది. "మురికి కాదా?" అంది మెల్లగా. ఇంతకు ముందు ఎన్నోసార్లు చెప్పాను, నమ్మలేదు. ఆ పూట నమ్మింది. క్యారేజీ నా చేతిలో పెట్టి, మొహం చూపించకుండా వెళ్ళిపోయింది.

ఆ ఏడాది నన్ను పరీక్షకు పంపలేదు. ఇప్పుడూ ల్యాబ్‌లో ప్లాస్టర్ కలుపుతున్నాను. థీసిస్ ఆయన బల్ల మీదే ఉంది, నా పళ్ళు నా నోట్లోనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్ళి, పళ్ళన్నీ కనపడేలా నవ్వి, "గుడ్ మార్నింగ్ సార్" అంటాను.