కారా, కాలా?

"దిగేటప్పుడు వణుకుతోందే," అన్నాడు నాన్న, పప్పులో నెయ్యి వేసుకుంటూ.

కారు అద్దె బేరం మీద శ్రీశైలం వెళ్లి ఆ పూటే తెనాలి వచ్చాడాయన. ఏది వణుకుతోందో చెప్పలేదు. మన భాషలో ఆ సుఖం ఉంది కదా, ఎవరు, ఏది అనకుండానే మాట పూర్తయిపోతుంది. కారు దిగేటప్పుడు మొగుడి కాలు వణుకుతోందని అమ్మ అనుకుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కితే కారు వణుకుతోందని నేననుకున్నాను. అప్పుడప్పుడే డ్రైవింగు నేర్చుకున్న రోజులవి, అన్నీ నాకే తెలుసన్న పొగరు.

"ఏది నాన్నా, కారా, కాలా?" అని అడిగాను.

"అదే తెలిసి చావట్లేదే! బ్రేకు మీద కాలుంటుంది. రెండూ కలిసి అదురుతాయి. ఏది ఏదో ఎట్లా చెప్పను?"

రెండువేల తర్వాతి సంవత్సరాలవి. అద్దెకు తిప్పే ఆ ఒక్క కారు మీదే మా ఇల్లు నడిచేది. తేడా కారులో అయితే బాగుచేయించుకుంటాం. కాలిలో అయితే నాన్న స్టీరింగు వదిలేయాలి. అసలే షుగరున్న మనిషి. స్టీరింగు లేని నాన్నని ఊహించుకోవాలంటేనే నాకు ఏడుపొచ్చేది.

తెనాలి మెకానిక్‌లు కారులో ఏమీ లేదన్నాక, బాపట్లలో పేరున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను చక్రాలు విప్పాడు, బిగించాడు, చీరాల రోడ్డులో ఈపురుపాలెం దాకా తోలి దారి పొడుగునా బ్రేకులు కొట్టాడు.

"నాకేం వణకట్లేదు బాబాయ్."

"ఇక్కడ కాదయ్యా. కొండ దిగేటప్పుడు."

"మరి కొండేదీ? తెచ్చావా?"

ఎక్కణ్ణుంచి తెస్తాం? మా వైపు ఎత్తంటే కాలవ మీద వంతెనే. పట్టుదల కొద్దీ రేపల్లె దాకా పోయి పెనుమూడి వంతెన కూడా ఎక్కి దిగాం. ఎక్కినట్టూ లేదు, దిగినట్టూ లేదు. తిరిగొచ్చి అదే చెబితే మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "కారు శుభ్రంగా ఉంది బాబాయ్. కాలు చూపించుకో," అన్నాడు.

తెనాలిలో డాక్టరు గారు నాన్నని బల్ల మీద కూర్చోబెట్టి మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. అటూ ఇటూ నడిపించారు. "కాలు బాగానే ఉందండి. ఓసారి కారు చూపించుకోండి," అన్నారు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇద్దరినీ ఒకే కారెక్కించి కొండ మీంచి దింపాలనిపించింది.

ఇక లాభం లేదని, బేరం లేని ఒక రోజు మేం ముగ్గురమే శ్రీశైలం వెళ్లాం. దర్శనమయ్యాక, దోర్నాల వైపు దిగేటప్పుడు నేను తోలతానన్నాను. నా కాలికి కూడా తెలిస్తే అది కారే. తెలియకపోతే...

"నువ్వెట్లా తోలతావో అట్లాగే తోలతాను, చెప్పు," అన్నాను.

"న్యూట్రల్ చెయ్యి. బ్రేకు మీద కాలు తియ్యకు."

డీజిలు మిగులుతుందని మా వైపు డ్రైవర్లకున్న అలవాటది. వంతెన దిగడానికి చెల్లుతుంది. ఈయన ఇన్నేళ్లూ కొండని కూడా వంతెన దిగినట్టే దిగాడన్నమాట! తిట్టడానికి అది సమయం కాదని నోరు మూసుకుని తోలాను.

చాలాసేపు ఏమీ లేదు. మలుపు తర్వాత మలుపు, పెడలు మెత్తగా, మామూలుగానే ఉంది. పక్కన నాన్న నా పాదం వైపే చూస్తున్నాడు. ఆ తర్వాత ఏదో కాలుతున్న వాసన. ఒక వంపులో గట్టిగా తొక్కానో లేదో, పెడలు నా అరికాలిని టపటపా తన్నింది. స్టీరింగు గజగజలాడింది.

"వణుకుతోంది నాన్నా!"

వెనక సీట్లో అమ్మ "ఓరి దేవుడో!" అని కేక పెట్టింది. నాకు మాత్రం ఏనుగెక్కినంత సంబరం.

"సంబరం తర్వాత, ముందు గేరులో వెయ్యవే!" అని అరిచాడు నాన్న. రెండో గేరు పడగానే ఇంజనే బండి వేగాన్ని పట్టి ఉంచింది. బ్రేకు మీద కాలు తీశాను. అదురు ఆగిపోయింది.

కాస్త వెడల్పున్న చోట పక్కకి ఆపాను. ముందు చక్రాల దగ్గర సెగ కొడుతోంది. "బ్రేకు డిస్కు వేడెక్కితేనే వంకర పోతోంది. చల్లారితే మామూలే. అందుకే మన ఊళ్లో ఎవరికీ దొరకలేదు," అన్నాను.

"నేను చెప్పలా, కాలు కాదని!" అంది అమ్మ, అన్నాళ్లూ కాలే అని మా ప్రాణం తీసిన మనిషి.

చూద్దామని నాన్న కూడా దిగాడు. ఇంజను ఆపేసి ఉంది. బ్రేకు ఎవరూ తొక్కడం లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డ ఆయన ప్యాంటు మోకాలి దగ్గర సన్నగా అదురుతూనే ఉంది.

నేను చూశానని ఆయన చూశాడు. "భయమేసిందిలేవే," అన్నాడు.

భయమో, మరొకటో నాకు అర్థం కాలేదు. "నాక్కూడా," అన్నాను.

తాళంచెవి ఆయన వైపు చాపాను. తీసుకో నాన్నా, తీసుకో అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఆయన దాన్ని కాసేపు చూసి, మళ్లీ ఎడమవైపు సీట్లోనే కూర్చుని తలుపు వేసుకున్నాడు.