వడ్లగింజంత చిమ్నీ

ఆ డబ్బా ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి నేను పగటిపూట ఫ్యాను వేయలేదు. ఏప్రిల్ నెల, జగిత్యాల ఎండ, పైన రేకుల గది. అయినా వేయలేదు. కిటికీ కూడా మూసే ఉంచాను. మల్యాల వైపు నుంచి కోతులు గుంపులుగా వచ్చి మా వాడలో ఇళ్లలోకి దూరి చేతికందింది ఎత్తుకుపోతాయి. ఆ డబ్బాలో ఉన్నవి గాలికి ఎగిరిపోయేంత చిన్న ముక్కలు, ఒక్కటి పోయినా మళ్లీ దొరకనివి. అన్నీ అతికితే ఒక రైలింజను అవుతుంది. ఐర్లండు దేశంలో ఒకప్పుడు గూడ్సు బండ్లు లాగిన ఆవిరి ఇంజనుకు నమూనా అది. అసలు ఇంజనులో అడుగు పొడవున్నది ఇందులో రెండు మిల్లీమీటర్లే. వెనక బొగ్గుపెట్టెతో సహా మొత్తం నా అరచేతిలో ఇముడుతుంది.

బీడీలు చుట్టుకునే నా చేతికి ఐర్లండు ఇంజను ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా ఆయన గల్ఫులో ఒక ముసలి ఐరిష్ ఇంజనీరు ఇంట్లో కారు డ్రైవరు. ఆ సార్‌కు తమ దేశపు రైలింజన్లను చిన్నగా తయారు చేయడం పిచ్చి. ఏడెనిమిదేళ్ల నుంచి ఆయన చేతులు వణుకుతున్నాయి. ఒకరోజు ఇంజను పక్కన పెట్టాల్సిన చేతికమ్మీ, అంటే వెంట్రుకంత తీగ, పట్టుకోలేక ఆయన బల్ల మీద తల ఆనించి కూర్చున్నాడట. అది చూసి మా ఆయన నా వేళ్ల గురించి గొప్పలు చెప్పాడు. నా భార్య తునికాకును కత్తిరించి, చుట్టి, మూతి మడిచేసరికి మనం రెప్ప కూడా వేయలేం అన్నాడట. ఆ మాట మీద మొదటిసారి సెలవుకు వస్తూ ఒక డీజిల్ ఇంజను తెచ్చాడు. నారింజ రంగు, మధ్యలో నల్ల పట్టీ. దానికి తీగలు బిగించి నంబర్లు అంటించి పంపాను. తర్వాతి సెలవులకు ఇంకో రెండు వచ్చాయి. అవీ బాగానే వెళ్లాయి.

నాలుగోసారి వచ్చినది మాత్రం విడి ముక్కలే. సార్ తండ్రి అటువంటి ఇంజను మీద బొగ్గు వేసే పని చేశాడట. ఆ ముక్కలు తయారు చేసిన మనిషి చనిపోయాడు, మళ్లీ ఎవరూ చేయలేదు. సార్ దాన్ని ఇన్నేళ్లు విప్పకుండా దాచుకుని, ఇక తన చేతులు కుదురుకోవని తెలిశాక మా ఆయన సంచిలో పెట్టాడు. సెలవు నలభై రోజులు. తిరిగి వెళ్లేటప్పుడు ఇంజను పూర్తయి ఉండాలి.

మా ఆయన వీసా ఆ సార్ పేరు మీదే ఉంది. ఇంతకు ముందున్న డ్రైవరు కారును గేటుకు రాశాడని మూడో రోజే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపించేశాడట. కారుకే అట్లా చేసినవాడు తండ్రి ఇంజను పాడైతే ఏం చేస్తాడు? ఆ ప్రశ్న నాకు రోజూ పొద్దున కళ్లు తెరవగానే వచ్చేది.

భయం వేస్తే నేను గ్రంథాలయానికి పోతాను. పదో తరగతితో ఆగిన నా చదువు అక్కడే సాగింది. జగిత్యాల గ్రంథాలయంలో పేపర్లు చదివే మగవాళ్ల మధ్య ఒక మూల బెంచీ నాది. ఆవిరి ఎట్లా పిస్టన్‌ను తోస్తుందో, పొగ ఏ గొట్టాల గుండా వెళ్తుందో అట్ట ఊడిన ఒక పాత పుస్తకంలో నేర్చుకున్నాను. మన పెద్ద లైను పట్టాల మధ్య ఎడం అయిదడుగుల ఆరంగుళాలు, ఐర్లండులో అయిదడుగుల మూడంగుళాలు. ఈ సంగతి సార్ చెప్పకముందే నాకు తెలుసని మా ఆయన చెబితే సార్ నమ్మలేదట. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో రాస్తే సిగ్గుగా ఉంటుంది. లోహాల మీద కూడా ఒక పుస్తకం తెచ్చుకుని చదివాను. ఇత్తడి, కంచు, జర్మన్ సిల్వర్, ఏది ఎన్ని డిగ్రీలకు కరుగుతుందో నోటికి వచ్చు. ఆ నోటికి రావడమే నా కొంప ముంచింది.

మొదటి మూడు వారాలు పని నడిచింది. పలుచటి ఇత్తడి రేకుల మీద ఇంజను గోడలు, చక్రాల మీది నడక పలకలు, డ్రైవరు నిలబడే గది అన్నీ అచ్చు వేసినట్టు చెక్కి ఉంటాయి. ఒక్కొక్కటి కత్తిరించి, అంచు అరగదీసి, గీత మీద మడిచి, చిన్న టంకం కడ్డీతో అతకాలి. మడవడానికి బీడీ మూతులు ఒత్తే ఇనుప పుల్లే వాడాను. దానికంటే సన్నగా నా చేతికి లొంగే పనిముట్టు లేదు. ఆవగింజలో పావంత రివెట్లను రేకు వెనక నుంచి సూదితో ఒత్తి లేపాలి. ఒక్కటి ఎక్కువ ఒత్తితే రేకు చిల్లు పడుతుంది. ఊపిరి బిగబట్టి ఒత్తేదాన్ని. చేతికి చెమట పడితే లేచి గోడకు ఆని నిలబడేదాన్ని. కింద పడినది కనబడకుండా పోకూడదని ఒళ్లో తెల్ల బట్ట పరుచుకునేదాన్ని. ఇంట్లో ఎవరైనా గట్టిగా తలుపు వేస్తే ముక్కల మీద రెండు అరచేతులూ కప్పేదాన్ని.

మిగిలినది చిమ్నీ. వడ్లగింజంత ఉంటుంది, తెల్లటి పోత ముక్క. దాన్ని బాయిలరు మీద నిలబెట్టి అతకాలి. నా టంకం కడ్డీ వేడినంతా బాయిలరే తాగేసింది, టంకం పారలేదు. రెండు రోజులు ప్రయత్నించాను. బంగారం పనివాళ్ల మంటైతే సరిపోతుందనిపించి ఇంజనును దూదిలో చుట్టి టిఫిను డబ్బాలో పెట్టుకుని కోరుట్ల బస్సు ఎక్కాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా టిఫిను డబ్బాను రెండు చేతులా గాల్లోకి ఎత్తిపట్టుకుంటుంటే పక్కనామె పాలు ఒలుకుతాయా అని అడిగింది.

కోరుట్లలో ఒక అవుసుల తాత ఉన్నాడు. మా పెళ్లి పుస్తె చేసింది ఆయనే. కుంపటి ముందు కూర్చుని ఇప్పటికీ ఊదుగొట్టంతోనే పని చేస్తాడు. తన చేతికి కొత్తది ఏ లోహం వచ్చినా ముందు గీటురాయి మీద గీసి చూడనిదే మంట చూపించడు. అది ఆయన పద్ధతి. చిమ్నీని వేలి మీద పెట్టుకుని కాసేపు ఊరికే తూచినట్టు చూశాడు.

“బిడ్డా, గిది సీసం తీరుగ బరువున్నది. ఒక్కసారి రాయి మీద గీసి చూస్త, ఆగు.”

గీస్తే ముక్క అరుగుతుందని నాకు భయం వేసింది. ఇంజనుతో వచ్చిన కాగితంలో రేకులు కొన్ని జర్మన్ సిల్వర్ అని ఉంది, పోత ముక్కల సంగతి లేదు. రెండూ తెల్లగానే ఉన్నాయి కనుక రెండూ ఒకటే అని నేనే నిర్ణయించుకున్నాను.

“అద్దు తాతా, గియ్యకు. అది జర్మన్ సిల్వర్. పుస్తకంల చదివిన, వెయ్యి డిగ్రీలైనా కరుగది.”

“సదువుకున్నదానివి. నువ్వు చెప్తే గంతే.”

ఆయన వెలిగారం అద్ది, చిమ్నీని దాని చోట నిలబెట్టి, మంటను ఊదుగొట్టంతో సన్నగా వంచాడు. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. నాలుగు దాకా వచ్చినట్టు గుర్తు. చిమ్నీ మెరిసింది. మెరిసి, వంగి, ఒక చుక్కలా గుండ్రమై, బాయిలరు పక్కగా జారి బొగ్గుల్లో పడిపోయింది. ఆయన ఊదడం ఆపేశాడు. బొగ్గులు కదిపి చూశాడు. అక్కడ పాదరసం బొట్టులాంటిది ఒకటి ఉంది, అంతే.

“వెయ్యి డిగ్రీలంటివి గద బిడ్డా,” అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. తన చేతిలో అట్లా ఎన్నడూ కాలేదన్నట్టు మెల్లగా అన్నాడు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

బస్టాండులో రెండు జగిత్యాల బస్సులు వెళ్లిపోయినా ఎక్కలేదు. ఇంటికి పోతే చెప్పాలి కదా. మర్నాడు గ్రంథాలయంలో అదే లోహాల పుస్తకం తీశాను. నేను ఆపేసిన చోటి నుంచి నాలుగు పేజీలు తిప్పితే ఉంది. తగరం, సీసం కలిపి పోసే తెల్ల ముక్కలు ఉంటాయట, చిన్న మంటకే నీరవుతాయట. అటువంటివాటిని టంకం లేకుండా జిగురుతో అంటించినా సరిపోతుంది. ఆ పుస్తకాన్ని మూసి చాలాసేపు దాని మీద చేయి పెట్టుకుని కూర్చున్నాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన తిట్టలేదు. మంచం అంచున కూర్చుని కాళ్ల వైపు చూసుకుంటూ పిల్లల ఫీజుల నెల ఏదని అడిగాడు. తర్వాత అన్నాడు: “సార్‌కు మాత్రం చెప్పకు. పాత డ్రైవర్‌ది యాదికున్నది గద. ఇంకోటి చేపియ్యి, రంగేస్తె ఎవలకు తెలుస్తది?”

మా తల్లిగారిల్లు సిరిసిల్ల. అక్కడ మా అన్న సాంచాలకు, అంటే బట్ట నేసే మరమగ్గాలకు, అరిగిన విడిభాగాలు లేతు మిషను మీద కడ్డీల నుంచి చెక్కి ఇస్తాడు. కాగితంలోని బొమ్మ మీద స్కేలు పెట్టి కొలతలు రాసుకుని రెండు బస్సులు మారి వెళ్లాను. చుట్టూ సాంచాల చప్పుడు, మాట వినాలంటే చెవి దగ్గర అరవాలి. అన్న ఇంజనును చూసి, గీ రైల్ల చీమలు పోతయా చెల్లె అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. మొదటి ఇత్తడి చిమ్నీ మిషను పట్టులోనే నలిగింది. రెండోది చేతిలోంచి ఎగిరి నూనె మట్టిలో పడి దొరకలేదు. మూడోది చేసేటప్పుడు ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, దుకాణం ముందున్న వాళ్లను తర్వాత రమ్మని పంపించేశాడు. అంచు కొంచెం విచ్చుకున్న పువ్వులా తిరగాలి. తిరిగింది. పైనుంచి సగం లోతు దాకా రంధ్రం వేశాడు. ఇంకా లోతు పోతే గోడ చీలుతుందేమోనని ఇద్దరం భయపడి అక్కడ ఆపాం.

ఇంటికి తెచ్చి జిగురుతో నిలబెట్టాను. చక్రాలతో సహా మొత్తం ఒకే ముదురు బూడిద రంగు వేశాను. ఆ కాలపు ఐరిష్ గూడ్సు ఇంజన్లకు అదే రంగట. రంగు ఆరాక నాకే తేడా కనబడలేదు. మా ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

నాకు మాత్రం తిండి దిగలేదు. సార్ దగ్గర భూతద్దం ఉంది. తండ్రి ఇంజను పక్కన నిలబడిన ఫొటో ఉంది. ఆయన ఈ రోజు చూడకపోతే రేపు చూస్తాడు, రేపు కాకపోతే ఆరు నెలలకు. మా ఆయన మళ్లీ సెలవుకు వచ్చేది రెండేళ్లకు. అంతవరకు గల్ఫు నుంచి ఫోను మోగిన ప్రతిసారీ ఇదే అయి ఉంటుందని చల్లబడిపోవడం నా వల్ల కాదనిపించింది. గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. మూడుసార్లు చింపి నాలుగోసారి శుభ్రంగా తిరగరాశాను. ‘ఈ చిమ్నీ మీరు పంపింది కాదు. దాన్ని నేను తెలిసీ తెలియని చదువుతో కరిగించాను. ఇది ఇత్తడిది, మా అన్న చేశాడు. ఈ తప్పులో నా భర్త చేయి లేదు.’ ఇంతే. మడిచి డబ్బాలో స్పాంజి కింద పెట్టాను. మా ఆయనకు చెప్పలేదు.

ఆయన బయల్దేరిన రోజు వాకిట్లో ఆటో తిరుగుతుంటే పరుగెత్తి ఉత్తరం తీసేయాలనిపించింది. కాళ్లు కదిలాయి కూడా. అప్పటికే ఆయన డబ్బా ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగు రోజులు ఆయన ఫోనులో చేరానని, బాగున్నానని తప్ప ఏమీ చెప్పలేదు. అయిదో రోజు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే ముందు కనబడింది బల్ల, దాని మీద ఇంజను, దాని పక్కన మడతలు విప్పిన నా ఉత్తరం. సార్ భూతద్దం కంటికి పెట్టుకుని ఇంజను మీదికి వంగి ఉన్నాడు. వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. నేను నమస్తే సార్ అన్నాను. సార్ తలెత్తలేదు. ఫోనును గోడకు ఆనించి పట్టుకున్నాను.

చాలాసేపటికి సార్ ఏదో అడిగాడు. ఆయన ఇంగ్లీషు గొంతులోనే ఉండిపోతుంది, నాకు అందలేదు. మా ఆయన చెప్పాడు: “చిమ్నీకి పొక్క మొత్తం ఉన్నదా, సగమేనా అంటాండు.”

“సగమే. హాఫ్, సార్.”

సార్ భూతద్దం కింద పెట్టి మొదటిసారి నా వైపు చూశాడు. ముసలి నీలం కళ్లు. ఏదో అన్నాడు. మా ఆయన తడబడి, మళ్లీ అడిగి తెలుసుకుని చెప్పాడు: “సగమే ఉంటె పొగ ఎట్ల పోతదంటాండు. వచ్చే సెలవుకు ఇంజన్‌ను మళ్ల ఇంటికి పట్కపొమ్మంటాండు, ఇంకింత లోతు తీపియ్యమని.”

నాకు చిమ్నీ మాట వినబడలేదు. వచ్చే సెలవు అన్న మాటే వినబడింది. అంటే మా ఆయన అక్కడే ఉంటాడు. గోడ పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. ఫోనులో నా బదులు ఇంటి రేకులు కనబడి ఉంటాయి.

సాయంత్రం మా ఆయన ఒక్కడే ఫోను చేశాడు. గొంతులో కోపం ఉంది.

“ఉత్తరం సంగతి నాకు ఒక్క మాట చెప్తె ఏమైతుండె?”

“చెప్తె పెట్టనిస్తువా?”

“పెట్టనియ్యకపోదును,” అన్నాడు. “సార్ సదువుతాంటె పక్కన్నే నిలవడ్డ. నన్ను గిప్పుడే పొమ్మంటడు, గిప్పుడే పొమ్మంటడు అనుకున్న. నువ్వు గాడ లేవు గద.”

నిజమే, నేను అక్కడ లేను. ఆ ఉత్తరంతో నా భయాన్ని తీసి ఆయన నెత్తిన పెట్టాను. ఆ సంగతి రాసేటప్పుడు తోచలేదు. తప్పయిందన్నాను. ఆయన పిల్లలకు ఫోను ఇమ్మన్నాడు.

మర్నాడు సిరిసిల్లకు ఫోను చేశాను. అంత సన్నటి గోడలో అడుగు దాకా రంధ్రం తీయడం అన్న వల్ల అవుతుందో కాదో తెలియదు. ఇప్పటి నుంచే మొదలుపెట్టమన్నాను. అదే కొలతకు ఇంకో మూడు చిమ్నీలు చేసి ఉంచమని, వాటి మీద చేయి తిరిగాకే సార్ ఇంజనును ముట్టుకుందామని చెప్పాను.