బొంతలో నావి కాని వరసలు

"ఎవరో చచ్చినోళ్ల కోకలు పురిటింటికి మోసుకొస్తావా?" అని మా అత్త వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"ఉడకేసి ఉతికితే గుడ్డ గుడ్డే గదత్తా."

"బిడ్డ కింద పరిచేది మనింటి పాత గుడ్డ గావాల. ఊరోళ్లది గాదు."

"మనింట్లో యాడుండాయి?"

"నువ్వే గదా అన్నీ ఆ గిన్నెలామె మొహాన కొట్టి సత్తు తపేలా తీసుకుంటివి! బిడ్డను ఆ తపేలాలో పడుకోబెడతావా?"

మూట పట్టుకుని లోపలికి నడిచాను.

దయ్యాలనూ గాలినీ ధూళినీ నేను ఏనాడూ నమ్మినదాన్ని కాదు. మిషన్ బళ్లో మూడో తరగతితో ఆగిపోయాను గానీ, ఉత్త మాటలకు బెదిరే మనిషిని కాదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అరవైల మొదట్లో సంగతి. మా కాపురం తోటపల్లి గూడూరులో. ఆడబిడ్డ మార్తమ్మ పురిటికి వచ్చింది. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి, వారం తిరక్కుండానే పోయారు. మా ఇళ్లలో పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తగిలించరు. ఇంటి పాత చీరలతో కుట్టిన బొంత మీదే పడుకోబెడతారు. ఆ చీరలన్నీ నేను ముందుచూపు లేక గిన్నెకు మార్చేశాను. అందుకే నెల్లూరు బస్సెక్కి, బజారు సందులోని పాత బట్టల అంగడికి వెళ్లాను.

ఆ అంగడంటే నాకు ఇష్టం. ఆ గుట్టలో చెయ్యి పెడితే ఏది ఇంకా పదేళ్లు పనికొస్తుందో వేళ్లకే తెలుస్తుంది. చిరిగిన చెంగావి చీర, వెలిసిన ఆకుపచ్చది, తెల్ల నేతచీర దొరికాయి. పచ్చ అంచు కత్తిరించి చుట్టూ వేస్తే ఎట్లా ఉంటుందో అక్కడే కళ్లకు కట్టింది. ఇంటికి చేరేలోపే మనసులో సగం కుట్టేశాను.

సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మధ్యాహ్నాలు కూర్చుని పదకొండు వరసలు కుట్టాను. అంతలో కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. బొంతను రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకే ఉంది.

మూడో రోజు వాపు తగ్గి పెట్టె తీశాను. పంతొమ్మిది వరసలున్నాయి.

అత్త కంట్లో పొర. సూదిలో దారం ఎక్కించలేదు. మార్తమ్మ నిండు మనిషి, కిందికి వంగలేదు. మా ఆయనకు సూది పట్టడమే రాదు. నూలు ఉండ కొసకు నేను వేసిన ముడి వేసినట్టే ఉంది, అందులోంచి ఎవరూ దారం తీయలేదు. నేను కుడి నుంచి కుడతాను, నా ముడులన్నీ కుడి అంచున ఉంటాయి. ఆ ఎనిమిది వరసల ముడులు ఎడమ అంచున ఉన్నాయి. కుట్టు నాకన్నా సన్నం.

ఆఖరి వరస పక్కన బొగ్గుతో గీత పెట్టి మళ్లీ తాళం వేశాను. మర్నాడు మధ్యాహ్నం తీస్తే, గీత దాటి అంచుదాకా కుట్టు పూర్తయి ఉంది.

కత్తెర తీసుకున్నాను. విప్పితే బిడ్డ కింద ఉత్త చాపే. చెబితే అత్త దాన్ని పొయ్యిలో పెడుతుంది. మార్తమ్మ వచ్చి బొంత తడిమింది.

"ఎంత మెత్తగా ఉండాదొదినా! ఈసారి నా బిడ్డకేం గాదు గదా?"

"ఏం గాదు పోవే" అన్నాను. కత్తెర కొంగు చాటుకు పోయింది. ఆ సాయంత్రమంతా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఒకచోట కాలు నిలవలేదు.

ఎవరు కుట్టారో ఈనాటికీ తెలియదు. నేనే లెక్క తప్పాననుకుందామంటే, ఎడమ అంచున ఆ ముడులున్నాయి. మార్తమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు.

మర్నాడు తెల్లారేసరికి నొప్పులొచ్చాయి. ఎండ వాకిట్లోకి దిగే వేళకు ఆడపిల్ల పుట్టి, కేరుమంది. మంత్రసాని గుడ్డ అడిగింది. అత్త నా వైపు చూసి, "తే మే, ఆ బొంతే తే" అంది. తెచ్చి పరిచాను. పిల్ల ఏడుపు మానేసి నిద్రపోయింది. అందరూ సంతోషంగా వంట పనిలో పడ్డారు. నేను పక్కనే కూర్చుని, దాని పొట్ట లేచి దిగడం చూస్తూ ఉన్నాను. రెండుసార్లు అన్నానికి పిలిచారు. లేవలేదు.