రెడ్డెమ్మత్త పాటల్లోంచి తీసేసిన మాటలు

మా చిన్నప్పుడు పుంగనూరులో పాట కావాలంటే చీటీ రాసివ్వాలి... నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద సినిమా పాటల పేర్లు, దాంతోపాటు ఒక ఖాళీ క్యాసెట్. వారం తిరిగేసరికి నారాయణప్ప షాపులో మన పాటలు మనం రాసిన వరసలో తయారుగా ఉండేవి. అది దొంగతనమని ఎవరైనా అనుంటే పడీ పడీ నవ్వేవాళ్ళం. పాట కాపీ కొడితే ఎవరి సొమ్మేం పోయిందని?

ఎవరిది పోతుందో నాకు పన్నెండేళ్ళకే తెలిసింది...

రెడ్డెమ్మ మా మేనత్త. సోమల దగ్గర పల్లెలో కాపురం. విత్తనానికి శెనక్కాయలు వలిచేటప్పుడు ఆమె పాట కడితే చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు వేళ్ళ నొప్పి మర్చిపోయేవాళ్ళు. చదువు రాదు, అన్నీ నోట్లోనే. నలుగురూ పిలిచి తనతో పాడించుకోవాలని ఆమెకు చచ్చేంత ఆశ.

మామ వద్దనీ వద్దనీ చివరికి ఒక మెట్టు దిగాడు. "ఈ ఒక్క ఏడు సూస్తా. క్యాసెట్ చేయించుకో. రెడ్డెమ్మను పంపియ్యప్పా అని మన వాకిట్లోకి ఒక్కరన్నా వస్తే పాడుకో. రాకపోతే ఇంక ఆ మాటెత్తొద్దు."

మదనపల్లెలో ఒకాయన ఇంట్లో, గోడలకు గోనె పట్టాలు కట్టిన గదిలో రికార్డు చేశారు. "నా పేరు రెడ్డెమ్మ, మాది సోమల పక్క పల్లె, ఈ పాటలు నేను కట్టినివి" అని మొదట్లోనే చెప్పింది. ఆ తర్వాత ప్రతి పాటకు ముందూ అది ఎప్పుడు, ఎందుకు కట్టిందో రెండు ముక్కలు చెప్పింది.

మొదటి క్యాసెట్ నాకే ఇచ్చింది. నేను ఊరుకుంటానా? మా అత్త గొప్ప నా స్నేహితురాలికి చూపించాలని దాన్ని నారాయణప్ప షాపుకు తీసుకెళ్ళాను. ఒక పక్క అత్త పాటలు, రెండో పక్క సినిమా పాటలు ఎక్కించమన్నాను.

"ఒక పక్కకు పట్టదు పాపా... మొదట్లో, మద్దెలో ఈ మాటలు తీసేస్తే సరిపోతాది" అన్నాడు.

"తీసెయ్ అన్నా, మాటలెవరికి కావాలి?" అన్నాను. అంతే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పాటలు నచ్చి ఆయన తనకూ ఒక కాపీ ఉంచుకున్నాడు. ఎవరు అడిగితే వాళ్ళకు దాన్నే ఎక్కించి ఇచ్చాడు.

మొదట మా బస్టాండు టీ అంగట్లో విన్నాను. ఎగిరి గంతేశాను. తర్వాత మదనపల్లె మార్కెట్లో టమోటా లారీల్లో... ఆ తర్వాత తిరునాళ్ళ మైకుల్లో. క్యాసెట్ మీద 'పల్లె పాటలు' అని మాత్రమే ఉండేది. ఎక్కడ చూసినా అత్త గొంతే. సోమల దగ్గర వాళ్ళ వాకిట్లోకి మాత్రం ఒక్కరూ రాలేదు. పాట వినిపిస్తే అక్కణ్ణుంచి గబగబా వెళ్ళిపోయేదాన్ని. కారణం తెలిసీ తెలియనట్టు ఉండేదాన్ని.

ఆ ఏడు చివర్లో కుప్పంలో చుట్టాల ఇంట్లో గృహప్రవేశం. అందరం వెళ్ళాం. ఎవరో బలవంతం చేస్తే అత్త కళ్ళు మూసుకుని తన పాటే ఎత్తుకుంది. అయిపోగానే ఒక పెద్దావిడ మెచ్చుకుంది.

"అచ్చం క్యాసెట్లో మాదిరే పాడతాండావమ్మా. భలే నేర్చుకుండావు. నీదేదన్నా ఉంటే పాడు, విందాం."

"ఇది నాదేమ్మా... నేను కట్టింది" అంది అత్త.

అందరూ నవ్వారు. చెడ్డగా ఏం కాదు, పెళ్ళిళ్ళలో నవ్వుకున్నట్టే. మామ నవ్వలేదు. లేచి చెప్పులేసుకున్నాడు.

తిరుగు బస్సులో డ్రైవరు ఆ క్యాసెట్టే పెట్టాడు. పేరు లేదు, ఊరు లేదు, నేరుగా పాట. అత్త కొంగు చెవుల మీదికి లాక్కుంది. పక్క సీట్లో నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను, ఎక్కడ నా వైపు తిరుగుతుందోనని.

మర్నాడు ఏడుస్తూ షాపుకు పోయాను. నారాయణప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు. "యాల ఏడుస్తాండావు పాపా? పాట నాలుగూర్లు తిరిగితే తప్పా? మాటలు తీసెయ్ అని నువ్వే గదా అంటివి!"

ఆయన మీద ఇప్పటికీ నాకు కోపం రాదు. మాటలు తీసెయ్యమన్నది నేనే, ఉన్న కోపమంతా నా మీదే.

అత్త ఇంక పాడలేదు. శెనక్కాయలు వలిచేటప్పుడు కూడా... కాయలు చిట్లే చప్పుడు తప్ప ఆ వసారాలో ఏమీ వినపడేది కాదు. నేను నోరు విప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి.

పోయిన నెల మా బంధువుల గ్రూపులో ఎవరో ఆ పాట పెట్టారు. 'పాత జానపదం, కట్టినవారు తెలియదు' అని కింద రాశారు. ఇక నిద్ర పట్టలేదు. సోమల వెళ్ళి, అత్త ముందు కూర్చుని, జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

అత్త నా వైపు తిరిగి అంది... "నువ్వా పాపా? నేనింకా అవి యాడనో విని, నావే అనుకుంటినేమో అని ఉండాను. ఇన్నేండ్లూ నాకే నమ్మకం లేకపోయె."

పేరు పోయిందనే అనుకున్నాను. తన పాట తనదేనన్న నమ్మకం కూడా తీసేశానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు వేలితో తాకితే చాలు, ఏ పాటైనా వస్తుంది... ఎవరిదని ఎవరూ అడగరు. మీ ఊళ్ళోనూ పేరు లేని పాట ఒకటి తిరుగుతూనే ఉంటుంది. అది ఎవరిదో తెలిస్తే ఈ కథ కింద రాయండి. దాన్ని కట్టిన మనిషి ఇంకా ఉంటే మాత్రం, ముందు వెళ్ళి ఆ మనిషితో చెప్పండి, అది నీదేనని.